మూడు 39 శాతాలు: ఓట్లు దాదాపు సమానం, సభలో బలం ఎందుకు వేరు?

క్లుప్తంగా: 2024 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీకి 39 శాతం పైగా ఓట్లు వచ్చాయి, సీట్లు మాత్రం 11. అంతకు ఆరు నెలల ముందు, 2023 చివర్లో తెలంగాణలో కాంగ్రెస్ దాదాపు అదే శాతంతో ప్రభుత్వం ఏర్పాటు చేసింది. పోటీ ఎన్ని వైపులా జరిగింది, ఓట్లు ఎలా పరుచుకున్నాయి అన్నవే ఈ తేడాకు మూలం. సీట్లు పడిపోగానే ప్రతిపక్ష హోదా, కమిటీలు, సభలో మాట్లాడే సమయం కూడా చేజారతాయి. ఓటర్లు ఆ మార్పును చూసి తర్వాతి ఎన్నికల్లో ఎటు మొగ్గాలో తేల్చుకుంటున్నారు.

2024 జూన్ 4 మధ్యాహ్నానికే ఆంధ్రప్రదేశ్ ఫలితం తేలిపోయింది. టీడీపీ 135, జనసేన 21, బీజేపీ 8 కలిపి కూటమికి 164 సీట్లు. అంతకుముందు 151 సీట్లతో అయిదేళ్లు పాలించిన వైసీపీ 11 దగ్గర ఆగిపోయింది. జనం మొత్తం ఒకవైపు తిరిగిపోయారని ఒక వర్గం అంది. అన్ని సంక్షేమ పథకాలు అందుకున్న ఓట్లు ఎక్కడికి పోయాయని ఇంకో వర్గం అడిగింది, ఈవీఎంల మీద అనుమానాలూ లేవనెత్తింది. 2019లో పోలింగ్ ముగిశాక ఈవీఎంల మీద ప్రశ్నలు వేసింది టీడీపీ. అయిదేళ్లలో ప్రశ్న అదే, అడిగేవాళ్లు మారారు.

ఈ రెండు వాదనలకూ ముందు ఒక లెక్క చూడాలి.

39 శాతం విలువ ఎంత?

2019లో టీడీపీకి వచ్చిన ఓట్లు 39.17 శాతం. సీట్లు 175కి 23.

2023లో తెలంగాణలో కాంగ్రెస్‌కు వచ్చినవి 39.40 శాతం. సీట్లు 119కి 64, రేవంత్‌రెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీకి వచ్చినవి 39.37 శాతం. సీట్లు 175కి 11.

ఈ మూడు అంకెల మధ్య తేడా పావు శాతం కూడా లేదు. ఒక చోట అధికారం వచ్చింది, ఒక చోట ప్రతిపక్ష హోదా దక్కింది, మూడోచోట ఆ హోదా కోసం హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. మన ఎన్నికల్లో ఒక పార్టీ ఓటు శాతాన్ని విడిగా చూస్తే అది ఏమీ చెప్పదు. ఎదుటివాళ్ల ఓట్లు ఎన్ని ముక్కలయ్యాయో చూస్తేనే దానికి అర్థం వస్తుంది.

తెలంగాణలో ఆ ముక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. బీఆర్‌ఎస్‌కు 37.35 శాతం, బీజేపీకి 13.90 శాతం. ప్రభుత్వ వ్యతిరేక ఓటులో కొంత బీజేపీకి వెళ్లినా, మొదటి రెండు పార్టీల మధ్య తేడా రెండు శాతమే కాబట్టి కాంగ్రెస్ 39తోనే గట్టెక్కింది. ఓడిన బీఆర్‌ఎస్ కూడా 39 సీట్లు నిలబెట్టుకుంది. హైదరాబాద్ జిల్లాలో కాంగ్రెస్‌కు ఒక్క సీటూ రాలేదు. బీఆర్‌ఎస్ ఓటు నగరంలో గుట్టగా పోగుపడి ఉండటం వల్ల రాష్ట్రంలో ఓడినా అక్కడ కోట నిలిచింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఓటు అలా పోగుపడదు. ఉత్తరాంధ్ర నుంచి అనంతపురం దాకా కొంచెం అటూఇటూగా సమంగా పరుచుకుని ఉంటుంది. అందుకే గాలి మారితే రాష్ట్రమంతా ఒకేసారి మారుతుంది. 2024లో వైసీపీ గెలిచిన 11 చోట్లు చూస్తే ఇది అర్థమవుతుంది: పులివెందుల, బద్వేలు, రాజంపేట, పుంగనూరు, తంబళ్లపల్లె, ఆలూరు, మంత్రాలయం, ఎర్రగొండపాలెం, దర్శి, అరకు, పాడేరు. ఏడు రాయలసీమవి, రెండు ప్రకాశం జిల్లావి, రెండు విశాఖ మన్యంవి. ఉమ్మడి పదమూడు జిల్లాల్లో ఎనిమిదింట సున్నా. ఆ ఎనిమిది జిల్లాల్లో వైసీపీకి లక్షల ఓట్లు పడ్డాయి, కానీ ఏ ఒక్క నియోజకవర్గంలోనూ అవి అందరికంటే ఎక్కువ కాలేదు.

పది మంది మారితే తేడా ఇరవై

కూటమి కట్టడం వల్లే ఫలితం తారుమారైందన్న మాట తరచు వినిపిస్తుంది. లెక్క చూస్తే అది సగమే నిజం. 2019లో విడివిడిగా పోటీ చేసిన టీడీపీ, జనసేన, బీజేపీల ఓట్లు కలిపినా దాదాపు 45.5 శాతమే. అప్పుడు వైసీపీకి 49.95 శాతం. అంటే అదే ఓటర్లు అదే విధంగా వేసి, కూటమి మాత్రమే కొత్తగా కట్టి ఉంటే వైసీపీ మళ్లీ గెలిచి ఉండేది. 2024లో ఆ మూడు పార్టీల మొత్తం 55 శాతం దాటింది. ఓట్లు చీలకుండా ఆపడంతో పాటు నూటికి పది మంది ఓటర్లు నిజంగానే ఇటు మళ్లారు.

ముఖాముఖి పోటీలో ఓటు మారితే దాని దెబ్బ రెండింతలు. నూటికి పది మంది ఇటునుంచి అటు మారితే ఒకరికి పది తగ్గుతాయి, ఇంకొకరికి పది పెరుగుతాయి, తేడా ఇరవై అవుతుంది. పొత్తు ఓట్లను కలిపి చూస్తే 2019లో వైసీపీ 4 శాతానికి పైగా ముందుంది. 2024లో దాదాపు 16 శాతం వెనకబడింది. మొత్తం ఊపు ఇరవై. త్రిముఖ పోటీ ఉన్నచోట ఇది పలచబడుతుంది, ఎందుకంటే ఒకరిని వదిలిన ఓటరు రెండో వాడికే వెళ్తాడన్న నమ్మకం లేదు.

ఒక్క నియోజకవర్గాన్ని దగ్గరగా చూద్దాం. మంగళగిరిలో 2019లో నారా లోకేశ్ 5,337 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2024లో అదే చోట 91,413 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. రాజధాని గ్రామాల రైతుల కోపం, అమరావతి ఆగిపోవడం వంటి స్థానిక కారణాలు అక్కడ చాలా ఉన్నాయి, ఇంత తేడాను అవి కొంతవరకు వివరిస్తాయి. కానీ అమరావతికి దూరంగా విశాఖలో ఉన్న గాజువాకలో కూటమి అభ్యర్థి ఆధిక్యం 95 వేలు దాటింది. పులివెందులలో గెలిచిన జగన్మోహన్‌రెడ్డి ఆధిక్యం కూడా 90,110 నుంచి 61,687కి తగ్గింది. కోట ఉన్న చోటా, లేని చోటా గాలి ఒకే దిక్కున వీచింది.

రాజనీతి శాస్త్రంలో ఘనసూత్రం అని ఒక పాత అంచనా ఉంది. రెండు పార్టీల పోటీలో సీట్ల నిష్పత్తి, ఓట్ల నిష్పత్తి ఘనానికి దగ్గరగా ఉంటుందని దాని సారం. 2024 ఓట్లకు దాన్ని అన్వయిస్తే కూటమికి సుమారు 129, వైసీపీకి 46 రావాలి. 2019కి అన్వయిస్తే వైసీపీకి 118, టీడీపీకి 57 దాకా రావాలి. రెండుసార్లూ అసలు ఫలితం ఈ సూత్రం కంటే చాలా కఠినంగా వచ్చింది. ఓటు సమంగా పరుచుకున్న రాష్ట్రంలో సూత్రం కూడా చాలదని దీన్నిబట్టి అనుకోవచ్చు. 2014 ఇందుకు మినహాయింపులా కనిపిస్తుంది కానీ కాదు. అప్పుడు రెండు పక్షాల మధ్య తేడా రెండు శాతమే, అందుకే వైసీపీకి 67 సీట్లు నిలిచాయి. తేడా పది దాటితే కిందపడేవాడికి పట్టుకోవడానికి కొమ్మ దొరకదు.

18 అనే అంకె

సీట్ల లెక్క సభలో అడుగుపెట్టాక ఇంకో రూపం తీసుకుంటుంది. 2024 జూన్ 24న జగన్మోహన్‌రెడ్డి స్పీకర్ అయ్యన్నపాత్రుడికి లేఖ రాసి ప్రతిపక్ష నేతగా గుర్తింపు అడిగారు, తర్వాత హైకోర్టుకూ వెళ్లారు. 2025 మార్చిలో స్పీకర్ ఆ అభ్యర్థనను తోసిపుచ్చారు. సభలో పదో వంతు బలం, అంటే 18 మంది ఉండాలన్నది అధికార పక్షం వాదన. అలాంటి అంకె ఏ చట్టంలోనూ లేదన్నది వైసీపీ వాదన.

చట్టం ఏమంటోంది? జీతాలు, పింఛన్ల చెల్లింపునకు సంబంధించిన 1953 నాటి రాష్ట్ర చట్టంలోని 12-బి సెక్షన్ ప్రకారం ప్రతిపక్షంలో ఎక్కువ సంఖ్యాబలం ఉన్న పార్టీ నేత, స్పీకర్ గుర్తించినవారు ప్రతిపక్ష నేత. అంకె లేదన్నది నిజం. స్పీకర్ గుర్తింపు తప్పనిసరి అన్నదీ నిజం. పదో వంతు అన్నది తొలి లోక్‌సభ స్పీకర్ మావలంకర్ కాలం నుంచి సాగుతున్న ఆనవాయితీ. 2014లో 44 మంది, 2019లో 52 మంది ఉన్నా కాంగ్రెస్‌కు లోక్‌సభలో ఆ హోదా దక్కలేదు. మరోవైపు 2015లో ఢిల్లీ అసెంబ్లీలో 70కి మూడే సీట్లున్న బీజేపీ నేత విజేందర్ గుప్తాను ప్రతిపక్ష నేతగా గుర్తించారు. ఆనవాయితీ అంటేనే, అధికారంలో ఉన్నవాళ్ల ఔదార్యం మేరకు సాగేది.

హోదా పోతే పోయేది కేబినెట్ మంత్రి స్థాయి, కారు, సిబ్బంది మాత్రమే కాదు. ప్రజాపద్దుల కమిటీ సంగతి చూస్తే అసలు విషయం బోధపడుతుంది. ప్రభుత్వ ఖర్చు మీద కాగ్ నివేదికలను పరిశీలించేది ఈ పీఏసీయే. అధ్యక్ష స్థానం ప్రతిపక్షానికి ఇవ్వడం సంప్రదాయం. ఇందులో అసెంబ్లీ నుంచి 9 మంది, మండలి నుంచి ముగ్గురు ఉంటారు, ఎన్నిక దామాషా పద్ధతిలో జరుగుతుంది. 175 మంది ఓటేసి 9 మందిని ఎన్నుకోవాలంటే ఒక్కో సభ్యుడికి కనీసం 18 ఓట్లు కావాలి. విచిత్రంగా ఇక్కడా 18యే తేలింది. 11 మంది ఉన్న పార్టీ తన బలంతో ఒక్కరినీ పంపే వీల్లేదు. 2024 నవంబర్‌లో ఓటింగ్‌ను వైసీపీ బహిష్కరించింది, జనసేనకు చెందిన భీమవరం ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులు అధ్యక్షుడయ్యారు. ప్రభుత్వ ఖర్చును నిలదీయాల్సిన కమిటీకి ప్రభుత్వంలో భాగమైన పార్టీ సభ్యుడే పెద్ద.

అన్ని దారులూ మూసుకుపోలేదు. సమాచార హక్కు చట్టం ఇలాంటి స్థితిని ముందే ఊహించింది. కమిషనర్ల ఎంపిక కమిటీలో ప్రతిపక్ష నేత ఉండాలి, గుర్తింపు పొందిన నేత లేకపోతే ప్రతిపక్షంలో అతిపెద్ద పక్షం నాయకుణ్నే ఆ స్థానంలో లెక్కించాలని రాసి పెట్టారు. చట్టం రాసేవాళ్లు తలచుకుంటే ఈ వివాదాన్ని ఒక్క వాక్యంతో తీర్చవచ్చని దీన్నిబట్టి తెలుస్తోంది.

హోదా ఇవ్వకపోవడం ఒక సంగతి, సభకు రాకపోవడం ఇంకో సంగతి. 2025 ఫిబ్రవరి 24న గవర్నర్ ప్రసంగం రోజు వైసీపీ సభ్యులు వచ్చి, నినాదాలు చేసి, కాసేపటికే వెళ్లిపోయారు. అనుమతి లేకుండా 60 రోజులు గైర్హాజరైతే సీటు ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చని రాజ్యాంగం 190వ అధికరణ చెబుతోంది. ఆ 60 రోజుల్లో సభ ప్రొరోగ్ అయిన (సమావేశాలు అధికారికంగా ముగిసిన) కాలాన్ని, వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదాపడిన రోజులను కలపరు. కాబట్టి ఆ గడువు క్యాలెండర్ మీద చూసినంత దగ్గరగా ఉండదు. అయితే ఓటరు వైపు నుంచి చూస్తే ఫలితం ఒకటే: 1.3 కోట్లకు పైగా ఓట్లు వేసిన వాళ్ల తరఫున అసెంబ్లీలో ప్రశ్న అడిగేవాళ్లు లేరు. తప్పు ఎవరిదన్న వాదనలో ఇది మరుగునపడుతోంది.

మండలి గడియారం వెనకబడి నడుస్తుంది

అసెంబ్లీ ఒక్క రోజులో మారిపోతుంది. 58 మంది ఉండే శాసన మండలి అలా మారదు. సభ్యుల పదవీకాలం ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు. అందుకే ప్రతి పెద్ద మార్పు తర్వాతా కొన్నాళ్లు పాత మెజారిటీ మండలిలో మిగిలి ఉంటుంది. 2024 తర్వాత అక్కడ వైసీపీదే పైచేయి, బొత్స సత్యనారాయణ ఆ సభలో ప్రతిపక్ష నేత. ఒకే పార్టీకి ఒక సభలో హోదా ఉంది, పక్క సభలో లేదు.

దీని అద్దంబొమ్మ 2020లో కనిపించింది. అప్పుడు అసెంబ్లీలో వైసీపీకి 151, మండలిలో మెజారిటీ టీడీపీది. మూడు రాజధానుల బిల్లులను జనవరి 22న మండలి ఛైర్మన్ షరీఫ్ సెలెక్ట్ కమిటీకి పంపారు. అయిదు రోజులకే అసెంబ్లీ మండలినే రద్దు చేయాలని తీర్మానించింది. 197వ అధికరణ ప్రకారం మండలి సాధారణ బిల్లును మొదట మూడు నెలలు, రెండోసారి ఒక నెల మాత్రమే ఆపగలదు. జూన్‌లో అసెంబ్లీ మళ్లీ ఆమోదించింది, నెల గడిచింది, జూలై 31న గవర్నర్ సంతకం పడింది. మండలి చేయగలిగింది ఆరు నెలల ఆలస్యం. రద్దు తీర్మానాన్ని 2021 నవంబర్‌లో వెనక్కి తీసుకున్నారు. అప్పటికి మండలిలో మెజారిటీ చేతులు మారింది.

గడియారాన్ని ముందుకు తిప్పే పద్ధతి కూడా ఉంది, అది రాజీనామా. 2024 వేసవిలో రాజ్యసభలో రాష్ట్రానికి ఉన్న 11 స్థానాలూ వైసీపీవే. మోపిదేవి వెంకటరమణ, బీద మస్తాన్‌రావు, ఆర్.కృష్ణయ్య, ఆ తర్వాత 2025 జనవరిలో విజయసాయిరెడ్డి తప్పుకోవడంతో ఏడుకు తగ్గింది. ఖాళీ అయిన సీటుకు ఎన్నిక జరిగితే ఓటేసేది కొత్త అసెంబ్లీ. మస్తాన్‌రావు టీడీపీ తరఫున, కృష్ణయ్య బీజేపీ తరఫున తిరిగి రాజ్యసభకు వెళ్లారు.

ఓటరు ఏం చేస్తాడు?

చాలామంది ఓటర్లకు అధికార మార్పిడి అసెంబ్లీలో కనిపించదు, గుమ్మం దగ్గర కనిపిస్తుంది. 2024 జూలై 1న వృద్ధాప్య పింఛను తీసుకున్న వాళ్ల చేతిలో పడింది 7,000 రూపాయలు. మూడు వేలు నాలుగు వేలైంది, ఏప్రిల్ నుంచి మూడు నెలల పెంపు బకాయి మూడు వేలు కలిసింది. తెచ్చిచ్చింది మాత్రం ఎప్పుడూ వచ్చే వలంటీరు కాదు, సచివాలయం ఉద్యోగి. అయిదేళ్లు ప్రభుత్వం అంటే ఆ వలంటీరే అనుకున్న ఇంట్లో, మార్పు అర్థమవడానికి ఆ ఒక్క ఉదయం చాలు.

ఆ తర్వాత జరిగేది తెలంగాణలో ఇంకా స్పష్టంగా కనిపించింది. 2023 నవంబర్‌లో 37.35 శాతం ఓట్లు తెచ్చుకున్న బీఆర్‌ఎస్‌కు ఆరు నెలలు తిరక్కుండానే లోక్‌సభ ఎన్నికల్లో 17 శాతం కూడా రాలేదు. సీట్లు సున్నా. కాంగ్రెస్‌కు 8, బీజేపీకి 8, మజ్లిస్‌కు ఒకటి. అది ఢిల్లీ ఎన్నిక కావడం ఒక కారణం. అధికారం పోయిన ప్రాంతీయ పార్టీకి ఓటేస్తే ఏమొస్తుందన్న లెక్క ఇంకో కారణం. సికింద్రాబాద్ కంటోన్మెంట్, 2025 నవంబర్‌లో జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలు రెండూ బీఆర్‌ఎస్ గెలిచిన సీట్లే, రెండూ కాంగ్రెస్‌కు వెళ్లాయి. పని కావాలంటే అధికార పార్టీ ఎమ్మెల్యే ఉండాలన్నది మన ఊళ్లలో సిద్ధాంతం కాదు, అనుభవం.

ఇది అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. 2025 ఫిబ్రవరి ఎమ్మెల్సీ ఎన్నికల్లో కృష్ణా-గుంటూరు, గోదావరి జిల్లాల పట్టభద్రులు కూటమి అభ్యర్థులను భారీ ఆధిక్యంతో గెలిపించారు. అదే రోజు ఓటేసిన ఉత్తరాంధ్ర టీచర్లు మాత్రం టీడీపీ, జనసేన మద్దతిచ్చిన సిటింగ్ సభ్యుణ్ని కాదని ఉపాధ్యాయ సంఘమైన పీఆర్‌టీయూ అభ్యర్థిని ఎన్నుకున్నారు. ఉపాధ్యాయులకు సొంత సంఘాలున్నాయి, సొంత డిమాండ్లున్నాయి. పింఛను కోసమో, పట్టా కోసమో ఎమ్మెల్యే గుమ్మం చుట్టూ తిరిగే అవసరం తక్కువ. అవసరం తక్కువైన చోట గాలివాటం కూడా తక్కువే.

ఓటు లేకుండానే మారిన పీఠాలు

ఓటరు ప్రమేయమే లేని మార్పు ఇంకొకటి. విశాఖ నగరపాలక సంస్థకు 2021లో జరిగిన ఎన్నికల్లో 98 డివిజన్లలో 58 వైసీపీ గెలిచింది, టీడీపీకి 30. మేయర్ మీద అవిశ్వాసం పెట్టాలంటే నాలుగేళ్లు గడవాలన్నది అప్పటి నిబంధన. 2025 మార్చితో ఆ గడువు తీరింది. ఏప్రిల్ 19న అవిశ్వాస తీర్మానానికి అవసరమైన మూడింట రెండొంతుల బలం సరిగ్గా 74, పడిన ఓట్లూ 74. ఎక్స్‌అఫీషియో (పదవి రీత్యా) సభ్యులుగా ఓటేసిన ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎక్కువగా 2024లో గెలిచినవారు. అసెంబ్లీకి వేసిన ఓటు ఏడాది తర్వాత కార్పొరేషన్ పీఠాన్నీ కదిలించింది. 2021లో ఫ్యాన్ గుర్తుకు వేసిన డివిజన్ ఓటరును మాత్రం మళ్లీ ఎవరూ అడగలేదు.

2021లో ఎన్నికైన స్థానిక సంస్థల గడువు 2026లో తీరుతుంది. ఆ తర్వాత జరిగే స్థానిక ఎన్నికల ఫలితాలను 2029 అసెంబ్లీ ఎన్నికలకు సూచికగా చదవాలని రెండు పక్షాలూ ఉబలాటపడతాయి. గత అనుభవం అందుకు ఊతమివ్వడం లేదు. 2021 నవంబర్‌లో చంద్రబాబు సొంత నియోజకవర్గ కేంద్రం కుప్పం మున్సిపాలిటీలో 25 వార్డులకు 19 వైసీపీ గెలిచింది. కుప్పం కోట కూలిందని అప్పుడు పెద్ద పెద్ద శీర్షికలు వచ్చాయి. 2024లో ఆయన అక్కడ 48,006 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు, 2019 నాటి 30,722 కంటే ఎక్కువ. 2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నికలో టీడీపీ గెలిచినప్పుడు శీర్షికలు అవే, ఊరి పేరు మారింది. పోలింగే సక్రమంగా జరగలేదని వైసీపీ ఆరోపించింది, 2021లో టీడీపీ ఆరోపించినట్టే. కుప్పం మున్సిపల్ ఛైర్మన్ పీఠం 2025 ఏప్రిల్‌లో టీడీపీ చేతికి వచ్చింది. వార్డుల్లో 19-6గా పడిన ఓట్లు మాత్రం 2021 నాటివే.